కొత్త కారు వారంటీ దేనికి వర్తిస్తుంది? క్లచ్, పవర్ విండో విషయంలో సలహా కావాలి

ప్రశ్న: మంగళగిరి వాసి

అందరికీ నమస్కారం. నిరుడు దసరాకు మా ఇంట్లో ఒక పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ కొత్తది తీసుకున్నాము. మాన్యువల్ గేర్ల బండి. మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, రెండింటిలో ఏది ముందు పూర్తయితే అంతవరకు కంపెనీ వారంటీ ఉంటుందని షోరూములో చెప్పారు. ఈ మూడేళ్లూ ఆయిలు, ఫిల్టర్ల ఖర్చు తప్ప ఇంకేమీ చూసుకోనక్కర్లేదని సేల్స్ అబ్బాయి భరోసా కూడా ఇచ్చాడు.

ఇప్పుడు బండి పద్నాలుగు వేల కిలోమీటర్లు దాటింది. కొంతకాలంగా క్లచ్ పెడల్ తొక్కినప్పుడల్లా కీచుమని చప్పుడు వస్తోంది. విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నాలుగో గేరులో యాక్సిలరేటర్ నొక్కితే ఇంజను మోత పెరుగుతోంది గానీ వేగం అందుకు తగ్గట్టు పెరగడం లేదు. సర్వీస్ సెంటరుకు తీసుకువెళ్తే, క్లచ్ ప్లేటు అరిగిపోయిందని, అరిగే భాగాలకు వారంటీ ఉండదని, ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు, లేబరు అన్నీ కలిపి ఖర్చు మేమే పెట్టుకోవాలని చెప్పారు. బండిని ఒకసారి నడిపి చూసి, ఏమీ విప్పకుండానే ఈ మాట చెప్పారు.

రెండవ విషయం డ్రైవరు వైపు పవర్ విండో స్విచ్. అద్దం ఒక్కోసారి కిందికి దిగుతుంది కానీ పైకి రాదు. దీనికి వారు చెప్పిన కారణం ఏమిటంటే, నేను బయట కార్ డెకార్ షాపులో రివర్స్ కెమెరా పెట్టించుకున్నాను కనుక ఎలక్ట్రికల్ భాగాల వారంటీ మొత్తం రద్దయిపోయిందట. కెమెరా వెనుక డిక్కీ తలుపుకు ఉంది, స్విచ్ ముందు తలుపులో ఉంది. ఈ రెండింటికీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు.

పూర్తి వివరం చెప్పడం న్యాయం కనుక ఇది కూడా రాస్తున్నాను: మా అమ్మాయి కొన్నాళ్లు ఈ బండి మీదనే డ్రైవింగ్ నేర్చుకుంది. సర్వీసులన్నీ కంపెనీ సెంటరులోనే, గడువు లోపలే చేయించాము, బిల్లులన్నీ ఉన్నాయి. అసలు వారంటీ అంటే ఏయే భాగాలకు, ఏ కారణంతో పాడైతే వర్తిస్తుంది, సర్వీస్ సెంటరు వారు ఇలా నోటిమాటగా కాదనవచ్చా, కాదంటే ఎవరిని అడగాలి అన్నవి నా ప్రశ్నలు. దీనితో పాటు, ఇప్పుడే ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమని ఫోన్లు వస్తున్నాయి. అది తీసుకోవడం మంచిదేనా అన్నది కూడా తెలిసినవారు చెప్పగలరు.


జవాబు: పాత సర్వీస్ అడ్వైజర్

మంగళగిరి వాసి గారూ, నేను రెండు కంపెనీల వర్క్‌షాపుల్లో చాలాకాలం సర్వీస్ అడ్వైజరుగా పనిచేశాను. మీ ప్రశ్నలో అసలు చిక్కు క్లచ్ దగ్గర ఉంది కనుక దాని గురించే ఎక్కువగా రాస్తాను.

ముందుగా బండితో పాటు ఇచ్చిన వారంటీ పుస్తకం తీయండి. ఏ కంపెనీది తీసుకున్నా అందులో ప్రధానమైన వాక్యం దాదాపు ఒకేలా ఉంటుంది: బండిని మామూలుగా వాడుతూ, చెప్పిన గడువుల్లో సర్వీసులు చేయించుకుంటూ ఉండగా, విడిభాగం తయారైన పదార్థంలో గానీ, తయారుచేసిన పనితనంలో గానీ ఉన్న లోపం వల్ల అది పాడైతే, కంపెనీ దాన్ని ఉచితంగా బాగుచేసి ఇస్తుంది లేదా మార్చి ఇస్తుంది. బాగుచేయాలా, మార్చాలా అన్న నిర్ణయం కంపెనీదే. మార్చి వేసిన భాగానికి కొత్తగా మూడేళ్లు మొదలుకావు, అసలు వారంటీలో మిగిలిన కాలమే దానికీ ఉంటుంది. బండి ఆగిపోయిన రోజుల్లో మీరు ఎక్కిన ట్యాక్సీ ఖర్చు, పోయిన పని వంటివి కంపెనీ భరించదు. కనుక సేల్స్ అబ్బాయి చెప్పినట్టు అది మూడేళ్ల ఖర్చులన్నింటికీ హామీ కాదు. లోపంతో తయారైన భాగానికి మాత్రమే హామీ.

కాలపరిమితి కంపెనీని బట్టి మారుతుంది. మారుతి సుజుకి చాలా ఏళ్లపాటు రెండేళ్లు, 40,000 కిలోమీటర్లే ఇచ్చేది. 2024 జూలైలో దాన్ని మూడేళ్లు, లక్ష కిలోమీటర్లకు పెంచింది. హ్యుందాయ్ కార్లలో ఎక్కువ వాటికి మూడేళ్ల పాటు కిలోమీటర్ల పరిమితి లేని వారంటీ ఉంది. అయితే ఈ పెద్ద అంకె బండిలోని ప్రతి భాగానికీ వర్తించదు. ఇంజను ఆయిలు, కూలెంటు, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులు, వైపరు బ్లేళ్లు, బల్బులు, ఫ్యూజులు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు వంటివి వాడుతూ ఉంటే అయిపోయేవి, అరిగేవి కనుక వాటిని సాధారణంగా పక్కన పెడతారు, లేదా కొన్నింటికి మాత్రం తక్కువ కాలం ఇస్తారు. టైర్లకు ఎంఆర్ఎఫ్, అపోలో వంటి టైరు కంపెనీ, బ్యాటరీకి ఎక్సైడ్ లేదా మన తిరుపతి వారి అమరాన్ వంటి బ్యాటరీ కంపెనీ జవాబుదారీ. కారు డీలరు ఆ క్లెయిమును వారికి పంపుతాడు, అంతే.

ఇక మీ క్లచ్. ఇంజను శక్తిని గేర్‌బాక్సుకు అందించే క్లచ్ ప్లేటు అరిగే భాగమే, అందులో సందేహం లేదు. ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద, అంటే పెడల్ సగం నొక్కి, బండిని ఆపి ఉంచేవారి చేతిలో, కొత్తగా నేర్చుకునేవారి చేతిలో అది పదివేల కిలోమీటర్లకే అయిపోవచ్చు. చక్కగా నడిపేవారి చేతిలో లక్ష దాకా వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కానీ క్లచ్ జారడానికి, అంటే మీరు రాసినట్టు ఇంజను మోత పెరిగినా వేగం పెరగకపోవడానికి, అరుగుదల ఒక్కటే కారణం కాదు, విప్పకుండా ఆ కారణం ఎవరూ చెప్పలేరు. గేర్‌బాక్సు దించి ప్లేటును చేతిలోకి తీసుకుంటే చాలావరకు సంగతి కంటికే కనిపిస్తుంది. ప్లేటు మీద రాపిడి కోసం ఉండే లైనింగు రెండు వైపులా సమానంగా పలచబడి రివెట్ల తలల దాకా వచ్చి ఉండి, ఫ్లైవీలు (ప్లేటు ఆనుకునే ఇంజను చక్రం) మీద వేడికి నీలం మచ్చలు పడి ఉంటే అది వాడకం వల్ల వచ్చిన అరుగుదల. అలా కాకుండా లైనింగు ఇంకా మందంగా ఉండి, దాని మీద నూనె జిడ్డు నల్లగా పట్టి ఉంటే, క్రాంక్‌షాఫ్టు వెనుక ఉండే ఆయిల్ సీలు గానీ, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు సీలు గానీ కారుతోందని అర్థం. పద్నాలుగు వేల కిలోమీటర్లకే సీలు కారడం వారంటీ కిందికి రావలసిన లోపం. ఆ కారుడు వల్ల పాడైన ప్లేటును కూడా అదే క్లెయిములో చేర్చమని పట్టుబట్టవచ్చు. ప్లేటు మధ్యలో ఉండే చిన్న స్ప్రింగులు విరిగినా, లైనింగు పెచ్చులుగా ఊడినా, ప్లేటును నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు వేళ్లు (స్ప్రింగు కొనలు) ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు పల్లంగా ఉన్నా అవి అరుగుదల లక్షణాలు కావు. పెడల్ తొక్కినప్పుడే కీచుమంటోందని రాశారు. అది సాధారణంగా, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు చప్పుడు. కొన్ని కంపెనీలు ఆ బేరింగును ప్లేటుతో పాటు మినహాయింపుల జాబితాలో పెడతాయి, కొన్ని పెట్టవు. మీ పుస్తకంలో ఆ పేజీ చూడండి.

అందువల్ల మీరు అడగవలసింది ఒకటే: మీ ఎదుట విప్పి, ప్లేటు, ఫ్లైవీలు, సీళ్లు ఫొటోలు తీసి, కారణం ఇదీ అని జాబ్ కార్డు (బండికి చేసే పనిని వర్క్‌షాపు రాసే పత్రం) మీద రాయాలి. విప్పాక అరుగుదలే అని తేలితే విప్పిన లేబరు మీ మీద పడుతుంది. ఎటూ ప్లేటు మార్చక తప్పదు కనుక అది వృథా ఖర్చు కాదు.

కెమెరా విషయంలో మీ వాదన సరైనది. బయట పెట్టించిన కెమెరా మామూలుగా రివర్స్ లైటు వైరు నుంచి, మ్యూజిక్ సిస్టమ్ నుంచి కరెంటు తీసుకుంటుంది. విండో మోటార్లకు వేరే ఫ్యూజు, వేరే వైరింగు ఉంటాయి. కెమెరా వల్లనే స్విచ్ పాడైందని అనాలంటే ఎక్కడ వైరు కోశారో, ఏ ఫ్యూజు నుంచి కరెంటు లాగారో వారు చూపించాలి. ఒకవేళ ఆ షాపువారు కప్లరు (వైరు కోయకుండా కలిపే ప్లగ్గు) వాడకుండా అసలు వైరింగును కోసి టేపు చుట్టి ఉంటే, ఆ వైరింగు వరకు వారంటీ పోయిందని వారు అనడానికి ఆధారం ఉంటుంది. ఎక్కువ వాట్ల హెడ్‌లైట్ బల్బులు వేసి హోల్డర్లు కరగబెట్టుకున్న బండ్లు మా దగ్గరకు వచ్చేవి, వాటికి క్లెయిము ఇవ్వకపోవడం సబబే. కానీ ఒక కెమెరాకు ఎలక్ట్రికల్ మొత్తాన్ని కొట్టివేయడం సబబు కాదు.

కౌంటరులో ఉన్నవారు ఎందుకు వెంటనే కాదంటారో కూడా చెప్పాలి. వారంటీలో మార్చిన భాగానికీ, దాని లేబరుకూ డీలరుకు డబ్బు ఇచ్చేది కంపెనీ. కంపెనీవారు పాత భాగాన్ని తెప్పించుకుని చూసి, ఇది అరుగుదలే, మీరు తప్పుగా క్లెయిము చేశారు అంటే ఆ ఖర్చు డీలరు నెత్తిన పడుతుంది. ఆ భయంతో సందేహం ఉన్న ప్రతిదానికీ ముందు కాదనడం అలవాటుగా మారుతుంది. కనుక సర్వీస్ అడ్వైజరుతో వాదించడం కంటే, క్లెయిమును ఫొటోలతో కంపెనీకి పంపమని, కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజరు అభిప్రాయం తీసుకోమని మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. ఆ మేనేజరుకు డీలరు కంటే ఎక్కువ విచక్షణాధికారం ఉంటుంది. గడువు లోపల సర్వీసులు చేయించిన బండికి సగం ఖర్చు కంపెనీ భరించేలా ఒప్పించిన సందర్భాలు నేను చూశాను.


జవాబు: బెజవాడ సింగ్‌నగర్

పైన చెప్పినవారితో ఏకీభవిస్తూ ఒక్క విషయం చేరుస్తాను. వారంటీ వేరు, ఇన్సూరెన్సు వేరు అన్న సంగతి మా ప్రాంతంలో 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వరద వచ్చినప్పుడు చాలామందికి కష్టంగా తెలిసింది. అపార్టుమెంట్ల సెల్లార్లలో రోజుల తరబడి నీట మునిగిన కార్లలో కొన్ని నెలల వయసు కూడా లేనివి ఉన్నాయి. వాటి యజమానులు వారంటీ ఉంది కదా అని ముందు షోరూముకే ఫోన్ చేశారు. వరద నీరు తయారీ లోపం కాదు కనుక ఏ కంపెనీ వారంటీ దానికి వర్తించదు. అది పూర్తిగా ఇన్సూరెన్సు చూసుకోవలసిన నష్టం.

అందులోనూ ఒక తేడా ఉంది. నీట మునిగిన బండిని టోయింగ్ చేయించి తీసుకువెళ్తే సమగ్ర పాలసీ చాలావరకు ఆదుకుంటుంది. నీళ్లు దిగాయి కదా అని తాళం తిప్పి స్టార్టు చేస్తే, సిలిండర్లలోకి చేరిన నీటిని పిస్టన్ నొక్కలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఆ నష్టాన్ని మామూలు పాలసీలు ఇవ్వవు. ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు తీసుకున్నవారికే వస్తుంది. ఎలుకలు వైరింగు కొరకడం, గుంతలో పడి ఆయిల్ సంపు పగలడం, కల్తీ పెట్రోలు వల్ల ఇంజెక్టర్లు పాడవడం కూడా వారంటీ బయటివే. సేల్స్ వారు బంపర్ టు బంపర్ అని చెప్పేది సాధారణంగా జీరో డిప్రిసియేషన్ (భాగాల తరుగుదలను కోయకుండా చెల్లించే) ఇన్సూరెన్సు గురించే. ఆ మాట విని వారంటీలోనే అన్నీ ఉన్నాయనుకునేవారు చాలామంది ఉన్నారు.

ఇంకొకటి, వారంటీ మొదలయ్యేది బండి తయారైన రోజు నుంచి కాదు, మొదటి కొనుగోలుదారుకు డెలివరీ ఇచ్చిన లేదా అమ్మకం నమోదైన రోజు నుంచి. డెమో కారుగా తిరిగిన బండిని తగ్గింపు ధరకు కొన్నవారికి అందులో కొంతకాలం ముందే ఖర్చయి ఉంటుంది. కంపెనీ యాప్‌లో మీ బండి నంబరు కొట్టి ఆరంభ తేదీ, ముగింపు తేదీ సరిచూసుకోండి.


మంగళగిరి వాసి

మీ ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. చెప్పినట్టే రాతపూర్వకంగా అడిగాను. విండో స్విచ్ విషయంలో, కెమెరా వైరింగు ఎక్కడ కలిసిందో చూపమని ఈమెయిలు పెట్టాక, పరిశీలించి స్విచ్‌ను వారంటీలోనే మార్చారు.

క్లచ్‌ను నా ఎదుట విప్పారు. ప్లేటు లైనింగు బాగానే పలచబడింది, దానిని నేను కాదనను. కానీ గేర్‌బాక్సు వైపు ఉన్న సీలు చుట్టూ తడి ఉంది, ప్లేటుకు ఒక వైపు జిడ్డు కూడా ఉంది. సీలును వారంటీలో మారుస్తామని, ప్లేటుకు మాత్రం నేను డబ్బు కట్టాలని, అది నేర్చుకునేవారు నడపడం వల్ల అరిగిందని వర్క్‌షాపు మేనేజరు అన్నారు. జాబ్ కార్డు మీద సీలు దగ్గర తడి ఉన్నట్టు రాయించుకున్నాను, ఫొటోలు ఉన్నాయి. కంపెనీ ఇంజనీరు చూడడానికి రావలసి ఉంది. ఈలోగా బండి లేక ఇంట్లో ఇబ్బందిగా ఉంది. డబ్బు కట్టి బండి తెచ్చుకుంటే నా హక్కు పోతుందా? ఇలాంటి విషయంలో వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం అర్థవంతమేనా?


జవాబు: న్యాయవాది, గుంటూరు

వినియోగదారుల కమిషన్లలో వాహనాల కేసులు చూస్తుంటాను. మీ ఫైలు చూడకుండా గెలుపోటముల గురించి చెప్పలేను గానీ, మీరు అడిగినవాటికి చట్టంలో ఉన్న స్థితి చెప్పగలను.

డబ్బు కట్టి బండి తెచ్చుకున్నంత మాత్రాన హక్కు పోదు. అయితే కట్టేటప్పుడే, ఈ మొత్తాన్ని అభ్యంతరంతో చెల్లిస్తున్నానని, వారంటీ కింద తిరిగి కోరే హక్కును వదులుకోవడం లేదని ఒక లేఖ ఇచ్చి, దాని నకలు మీద వారి ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే అదే విషయం ఈమెయిలుగా పంపాలి. మార్చిన పాత ప్లేటును తప్పకుండా మీతో తెచ్చుకోండి. మీరు డబ్బు కట్టారు కనుక దాన్ని అడిగే హక్కు మీకు ఉంది. రేపు నిపుణుడికి చూపించవలసి వస్తే ఆ ప్లేటు లేకుండా ఏదీ తేలదు. కంపెనీ ఇంజనీరు రాక కోసం మరికొద్ది రోజులు ఆగగలిగితే మాత్రం, ఆయన చూసేదాకా ఆ భాగాలను కదపనివ్వకపోవడం ఇంకా మంచిది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, ఒప్పందంలో ఉండవలసిన నాణ్యత, ప్రమాణం వస్తువులో లేకపోవడం లోపం, ఇస్తామన్న సేవ ఇవ్వకపోవడం సేవాలోపం. వారంటీ పుస్తకం కంపెనీ మీకు రాసి ఇచ్చిన హామీ కనుక దాన్ని ఉల్లంఘించారన్న ఫిర్యాదుకు అదే మొదటి సాక్ష్యం. వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో వేయవచ్చు. డీలరు ఎక్కడ ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేసుకునే వీలు ఈ చట్టం ఇచ్చింది. ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల మధ్య అయితే 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షల మధ్య అయితే 400 రూపాయలు. వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్ల లోపల వేయాలి. తయారీ కంపెనీని, డీలరును ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. ఒక్కరినే చేరిస్తే, తప్పు ఆ రెండోవారిదని మొదటివారు తప్పుకుంటారు.

అయితే దానికి ముందు రెండు మెట్లు ఉన్నాయి, నా అభిప్రాయంలో మీ వంటి తగాదా అక్కడే తీరిపోవాలి. మొదటిది కంపెనీ కస్టమర్ కేర్‌కు జాబ్ కార్డు, ఫొటోలు జతచేసి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడం. రెండవది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడం. వారు తీర్పు ఇవ్వరు గానీ మీ ఫిర్యాదును కంపెనీలో దానికి బాధ్యత వహించేవారికి పంపి జవాబు రాబడతారు. పెద్ద కంపెనీలు ఆ ఫిర్యాదులకు సాధారణంగా స్పందిస్తాయి.

కమిషన్ దాకా వెళ్లేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. లోపం ఉందని చూపించవలసిన భారం మొదట మీ మీదే ఉంటుంది. చూడగానే తేలని లోపమైతే, కమిషన్ ఆ వస్తువును తగిన ప్రయోగశాలకు పంపి నివేదిక తెప్పించగలదు. దీనికి సెక్షన్ 38లో ఏర్పాటు ఉంది. క్లచ్ పాడైనందుకు కారే మార్చి ఇవ్వమని అడిగే క్లయింట్లు నా దగ్గరకు వస్తుంటారు. మారుతి ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు 2006లోనే, వారంటీ షరతు లోపమున్న భాగాన్ని మార్చి ఇస్తామన్నప్పుడు ఆ భాగాన్నే మార్పించాలి గానీ మొత్తం వాహనాన్ని మార్చమనడం సరికాదని చెప్పింది. కనుక మీరు కోరవలసింది ప్లేటు ఖర్చు, లేబరు, ఇబ్బందికి కొంత పరిహారం. అంతకు మించి కోరితే కేసు బలహీనపడుతుంది.

బయటి షాపుల విషయంలో ఇంకొక ఆధారం ఉంది. మన దేశపు పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు రెండున్నర వేల కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసిన ఉత్తర్వులో, బయట రిపేరు చేయించుకున్నందుకు వారంటీ మొత్తాన్ని రద్దు చేసే షరతును తప్పుపట్టింది. బయట జరిగిన పని వల్ల కలిగిన నష్టం మేరకే వారంటీని నిరాకరించవచ్చని చెప్పింది. కంపెనీలు దాని మీద అప్పీళ్లకు వెళ్లాయి కనుక ఆ ఉత్తర్వు ఒక్కదాని మీదనే కేసు నిలబెట్టమని నేను చెప్పను. కానీ మీ స్విచ్ విషయంలో వర్క్‌షాపు చివరికి అంగీకరించినది కూడా ఆ తర్కాన్నే.

బండిని ట్యాక్సీగా తిప్పేవారి వారంటీ షరతులు వేరుగా ఉంటాయని, పూర్తిగా వ్యాపారం కోసం కొన్నవారు ఈ చట్టం కింద వినియోగదారులు కారని, సొంత జీవనోపాధికి తానే నడుపుకునేవారికి మాత్రం మినహాయింపు ఉందని ఈ చర్చ చదివే ఇతరుల కోసం రాస్తున్నాను.


జవాబు: కొండాపూర్ ఈవీ

మాది కరెంటు కారు కనుక ఆ వైపు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇక్కడ బండి వారంటీ వేరు, పెద్ద బ్యాటరీ వారంటీ వేరు. చాలా ఈవీలకు బ్యాటరీ మీద 8 ఏళ్లు, 1,60,000 కిలోమీటర్లు ఇస్తున్నారు. టయోటా హైబ్రిడ్ల బ్యాటరీలకు కూడా ఇంతే. ఈవీలో అంకె కంటే ముఖ్యమైనది బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే లోపంగా ఒప్పుకుంటారన్నది. ఆ శాతం పుస్తకంలో రాసి ఉందో లేదో, దాన్ని ఎవరు ఎలా కొలుస్తారో కొనే ముందే అడగాలి. కింద స్పీడ్ బ్రేకరు తగిలి బ్యాటరీ కేసు నొక్కుకుపోతే అది ప్రమాద నష్టంగా లెక్కించి ఇన్సూరెన్సుకు పంపుతారు. లైట్లకు, లాకులకు కరెంటిచ్చే చిన్న 12 వోల్టుల బ్యాటరీకి ఈ ఎనిమిదేళ్లు వర్తించవు.


జవాబు: పాత సర్వీస్ అడ్వైజర్

మంగళగిరి వాసి గారూ, స్విచ్ మార్చినందుకు సంతోషం. సీలు దగ్గర తడి ఉన్నట్టు జాబ్ కార్డులో రాయించడం చాలా మంచి పని. లైనింగు పలచబడడానికి కూడా ఆ జిడ్డు కారణం కావచ్చునని ఇంజనీరుతో చెప్పండి. జిడ్డు పట్టిన ప్లేటు జారుతుంది, జారిన ప్లేటు వేడెక్కి మరింత త్వరగా అరుగుతుంది. జిడ్డు ఉన్న వైపు, లేని వైపు లైనింగు మందాలను వెర్నియర్‌తో విడివిడిగా కొలిచి రాయమని అడగండి. రెండు వైపులా ఒకే తీరుగా అరిగి ఉంటే మేనేజరు మాటకు బలం, ఒక వైపు తేడాగా ఉంటే మీ మాటకు బలం. నా అనుభవంలో ఇటువంటి మిశ్రమ సందర్భంలో కంపెనీవారు ప్లేటు ధరలో కొంత భాగం భరించడానికి ఒప్పుకుంటారు. అలా ముందుకు వస్తే నేనైతే అంగీకరిస్తాను.

ఎక్స్‌టెండెడ్ వారంటీ ప్రశ్న మిగిలిపోయింది. దాన్ని అసలు వారంటీ ముగిసేలోగా ఎప్పుడైనా తీసుకునే అవకాశం చాలా కంపెనీలు ఇస్తాయి, కాకపోతే ఆలస్యమయ్యే కొద్దీ ధర పెరుగుతుంది. కనుక ఫోన్ చేసినవారు నేటితో ఆఫరు ముగుస్తుందని తొందరపెట్టినా మీరు తొందరపడనక్కర్లేదు. ముందు తెలుసుకోవలసింది అది కారు కంపెనీ సొంత పథకమా, డీలరు వేరే సంస్థతో కలిసి అమ్ముతున్నదా అన్నది. కంపెనీ పథకమైతే దేశంలో ఏ అధీకృత సెంటరులోనైనా చెల్లుతుంది. డీలరు పథకమైతే ఆ డీలరు మూతబడినా, మీరు వేరే ఊరు మారినా ఇబ్బంది పడతారు. రెండవది మినహాయింపుల పేజీ. మొదటి మూడేళ్లలో ఉన్న టచ్‌స్క్రీను, సస్పెన్షను బుష్‌లు, రబ్బరు భాగాలు పొడిగింపులో ఉండకపోవచ్చు. ఆ పేజీ చేతికి ఇవ్వకుండా కేవలం రేటు చెప్పేవారి దగ్గర తీసుకోకండి.

టర్బో ఇంజను, డ్యూయల్ క్లచ్ లేదా ఏఎంటీ వంటి ఆటోమేటిక్ గేర్‌బాక్సు, సన్‌రూఫు, పెద్ద స్క్రీను ఉన్న బండికి నేను నిస్సంకోచంగా తీసుకోమంటాను. వాటిలో ఒక్క భాగం పోయినా పథకం ఖర్చు తిరిగి వచ్చేస్తుంది. మీది మామూలు పెట్రోలు మాన్యువల్ బండి, తిరుగుడు కూడా మరీ ఎక్కువ కాదు. అయిదారేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటే ఏసీ కంప్రెసరు, స్టీరింగు మోటారు, ఈసీఎం (ఇంజనును నియంత్రించే కంప్యూటరు) వంటి ఖరీదైన భాగాల కోసం తీసుకోవచ్చు. నాలుగో ఏట అమ్మే ఆలోచన ఉంటే, కొనేవారి పేరు మీదకు ఆ వారంటీ మారుతుందా, మార్పిడికి ఎంత తీసుకుంటారు అన్నది ముందు కనుక్కోండి. మారేటట్లయితే అమ్మకపు ధరలో కొంత కలిసి వస్తుంది.

ఏది తీసుకున్నా సర్వీసు గడువులు తప్పకూడదు. గడువు కిలోమీటర్లకూ ఉంటుంది, నెలలకూ ఉంటుంది. బండి పెద్దగా తిరగలేదు కదా అని ఏడాది దాటించినవారి ఇంజను క్లెయిములు తిరస్కరణకు గురికావడం నేను ఎక్కువగా చూసింది ఆ కారణంతోనే. ఇంజనీరు ఏమన్నారో ఇక్కడ రాయండి. కొలతలు వేసి ఇస్తే వాటిని కూడా పెట్టండి, చూసి చెబుతాను.